ఒక్కరోజు పట్నం: చూసేదెవరు, కనబడేదెవరు?

‘చూసి రమ్మంటే కాల్చి వచ్చాడు’ అని హనుమంతుడి మీద మనకొక సామెత ఉంది. అడవి వైపు నుంచి వెళ్లి, ఒక్క రాత్రిలో ఒక రాజధానిని ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికి చూసి వచ్చినవాడు ఆయన. ఇప్పుడు మన పిల్లలు కూడా అడవి అంచు నుంచి రాజధానికి వెళ్తున్నారు. రాత్రి ఆళ్లగడ్డలో బస్సెక్కి, నంద్యాల, కర్నూలు దాటి, తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగుతున్నారు. పగలంతా తిరిగి, రాత్రికి మళ్లీ అదే బస్సెక్కి వస్తున్నారు. వాళ్లు దేన్నీ కాల్చి రావడం లేదు. కాని కొందరు చూసి రమ్మంటే సిగ్గుపడి వస్తున్నారు. ఆ సిగ్గు వాళ్లకు ఎక్కడ అంటుకుంది, దాన్ని దులపడం ఎవరి పని అన్నదే ఈ వ్యాసంలో మేము అడగదలచుకున్న ప్రశ్న.

మేము నల్లమల అంచున, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు బడుల్లో పాఠాలు చెప్పే ఆదివాసీ ఉపాధ్యాయులం. మా తరగతుల్లో చెంచు పిల్లలు, సుగాలి పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది. అంతకు ముందు మా జిల్లా కేంద్రం కర్నూలు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి అదే రాజధాని. ఆ తర్వాత హైదరాబాద్ రాజధాని అయింది. 2014లో రాష్ట్రం రెండు ముక్కలైంది. 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు కూడా తీరింది. హైదరాబాద్ ఇప్పుడు పక్క రాష్ట్రపు రాజధాని. అయినా మా వైపు ఎవరైనా ‘పట్నం పోతున్నాం’ అంటే ఇప్పటికీ హైదరాబాద్ అనే అర్థం.

బడి తరఫున వెళ్లే ఒక్కరోజు యాత్ర ఎలా ఉంటుందో ఉపాధ్యాయులందరికీ తెలుసు. జూ పార్కు, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్. ఆరు చోట్లు, పన్నెండు గంటలు. ట్రాఫిక్, క్యూలు, భోజనం, తప్పిపోయినవాళ్లను వెతుక్కోవడం తీసేస్తే ఒక్కో చోటికి ముప్పావు గంట మిగిలితే గొప్ప. 1591లో కట్టిన చార్మినార్ ముందు నిలబడి తలెత్తి చూసేలోపే ‘బస్సెక్కండి, బస్సెక్కండి’ అని కేక. పోను రాను ఆరు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. చివరికి పిల్లల దగ్గర మిగిలేది కొన్ని ఫొటోలు, ఒక ప్లాస్టిక్ బొమ్మ, కాళ్ల నొప్పులు.

అందుకే ఈ యాత్ర మాటొచ్చినప్పుడల్లా మాలో మాకే వాదన. కొందరు అంటారు: ఆ డబ్బు తల్లిదండ్రులకు ఎన్నో రోజుల కూలి, జిగురూ తేనే అమ్మితే వచ్చిన పైసలు. ఒక్క రోజు చూపు కోసం అంత ఖర్చు చేయించడం న్యాయమా? గూడెంలో ఒక పెద్దాయన ఇదే మాటను ఇంకోలా అన్నాడు. “ఒక దినంలో ఏం జూస్తారు సారూ? అడివిలో ఒక తేనెపట్టు జాడ తెల్సుకునేకే దినమంతా పడ్తాది.” మరికొందరు అంటారు: కలవారి పిల్లలు విమానాలెక్కి ఢిల్లీ, సింగపూర్ చూసొస్తుంటే మన పిల్లలు చార్మినార్ కూడా చూడకూడదా? ఒక్క రోజైనా చూడనీ.

రెండు వాదనల్లోనూ నిజముంది. రెండో వాదనను దానధర్మంలా చెప్పడం మాత్రం మాకు నచ్చదు. ‘పాపం, అడవి పిల్లలు, పట్నం చూపిద్దాం’ అనే మాటలోనే లెక్క తప్పుంది. శ్రీశైలం ఆనకట్ట కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రాలున్నాయి. ఆ నీళ్లు నిలబడింది నల్లమల కొండల మధ్య. ఆ జలాశయం కింద వందకు పైగా గ్రామాలు మునిగాయి. మన జిల్లాలోని సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ కాలం ఇప్పటికీ నీళ్లలోనే ఉంటుంది. శ్రీశైలం దాటిన కృష్ణమ్మ నాగార్జునసాగర్ చేరి, అక్కడి నుంచి పైపుల్లో హైదరాబాద్ కుళాయిల దాకా వెళ్తుంది. పట్నం వెలుగులో, పట్నం తాగే నీళ్లలో నల్లమల వాటా ఉంది. వాటా ఉన్న ఇంటికి వెళ్లేవాళ్లు గుమ్మం దగ్గర ఒదిగి నిలబడనక్కర్లేదు. మన పిల్లలకు పట్నం చూసే హక్కు ఉంది. ఈ సంగతి బస్సెక్కక ముందే వాళ్లకు చెప్పాలి.

హక్కు ఉంటే సరిపోతుందా? యాత్ర నుంచి వచ్చాక మేము గమనించిన రెండు సంగతులు చెబుతాం. ఒక అమ్మాయి ఇంట్లో ఉడికించిన గడ్డలు బడికి తేవడం మానేసింది. ఒక అబ్బాయి నోటు పుస్తకాల మీద గూడెం పేరు కొట్టేసి మండలం పేరు రాసుకున్నాడు. ఎవరూ వాళ్లను ఏమీ అనలేదు. వాళ్లు తమలో తామే ఏదో తూకం వేసుకున్నారు, ఆ తూకంలో గూడెం తేలిపోయింది.

ఈ తూకం ఎందుకు తప్పో పిల్లలకు విడమరిచి చెప్పగలగాలి. పట్నాన్ని వాళ్లు చూసింది ఒక్క రోజు. అదీ పట్నం తన ముంగిలి ఊడ్చి ముగ్గేసి చూపించే చోట్లలో. గూడేన్ని మాత్రం ఏడాది పొడవునా చూస్తారు. కురిసే కప్పు, పొయ్యి పొగ, వానాకాలపు జ్వరాలు, తాగి వచ్చిన చిన్నాన్న, అన్నీ తెలుసు. ఒకరి పండగ పూటనూ మన మామూలు రోజులనూ తక్కెడలో పెడితే ఎవరు ఓడతారో తూచకముందే తెలుసు. పట్నంలోనూ కురిసే కప్పులున్నాయి. గోల్కొండ దారిలోనే, బస్సు కిటికీలోంచి కనిపించేంత దగ్గర్లోనే ఉన్నాయి. అవి మన యాత్ర జాబితాలో లేవు, అంతే. ఒక్క రోజుకూ ఒక జీవితానికీ పోటీ పెట్టకూడదు. పిల్లలకు మేము నేర్పదలచుకున్న మొదటి సూత్రం ఇదే.

ఈ సూత్రం అటువైపు కూడా వర్తిస్తుంది. పట్నం నుంచి కూడా మన దగ్గరికి ఒక్కరోజు చూడ్డానికి వస్తున్నారు. బైర్లూటి, తుమ్మలబైలు వైపు జీపుల్లో అడవిలోకి వస్తారు. అహోబిలం వచ్చి, దర్శనం చేసుకుని, దారిలో గూడెం దగ్గర ఆగి ఫొటోలు తీసుకుంటారు. సాయంత్రానికి కొందరు ‘ఎంత హాయైన బతుకు, ఏ చింతా లేదు’ అంటారు, కొందరు ‘అయ్యో, ఎంత వెనకబాటు’ అంటారు. మొదటి మాట విని మనకు నవ్వొస్తుంది, రెండో మాట విని కోపమొస్తుంది. ఒక్క పూట చూసి మన బతుకు మొత్తానికి తీర్పు చెబుతున్నారనే కదా ఆ నవ్వూ, ఆ కోపమూ. అలాంటప్పుడు మనం కూడా ఒక్క పూట చూసి ‘పట్నమంటే స్వర్గం’ అనో, ‘పట్నంలో మనుషులకు మనసుండదు’ అనో అనకూడదు.

చూడటంలో ఇంకో చిక్కుంది. పట్నం చూడటానికి వెళ్లిన మన పిల్లలు అక్కడ చూడదగ్గ వస్తువులైపోతుంటారు. ఒక టికెట్ల కౌంటర్ దగ్గర వరుసలో నిలబడ్డ మా పిల్లలను ఎవరో ‘అడవి నుంచి వచ్చారా?’ అని అడిగి, జవాబు వినకుండానే ఫోన్ తీసి ఫొటో తీసుకున్నారు. పిల్లలు నవ్వుతూ నిలబడ్డారు. ఆ నవ్వులో సంతోషమెంతో, ఇబ్బందెంతో చెప్పలేం.

ఇది పాత జబ్బు. 1906లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలలో ఓటా బెంగా అనే కాంగో యువకుణ్ని కోతుల ఇంట్లో ఉంచి జనానికి చూపించారు. 1958లో, అంటే మన తాతల కాలంలో, బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక కాంగో ‘గ్రామం’ కట్టి, అందులో నిజమైన మనుషులను కూర్చోబెట్టారు. జనం కంచె ఇవతల నిలబడి చూశారు. అంత దూరం ఎందుకు? మన దేశంలోనే అండమాన్ దారిలో పర్యాటకులు తిండి చూపించి జరావా ఆదివాసులతో నాట్యం చేయించిన వీడియో 2012లో బయటపడింది. చూసేవాడికి ఒక్క రోజు సరదా. చూడబడే మనిషికి మాత్రం ‘నేను మనిషినా, వింతనా?’ అనే ప్రశ్న బతుకంతా మిగిలిపోతుంది.

అందుకని రెండో సూత్రం. మన గూడేనికి వచ్చేవాళ్లు ఎలా మసలుకోవాలని కోరుకుంటామో, పట్నంలో మనమూ అలాగే మసలుకోవాలి. అడక్కుండా ఎవరి ఫొటో తీయకూడదు. చార్మినార్ దగ్గర గాజులు అమ్మే అక్కను, ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న పొత్తులు కాల్చే అన్నను వింతగా చూడకూడదు, పలకరించాలి. వాళ్లలో చాలామంది మనలాగే ఏదో ఊరు వదిలి వచ్చినవాళ్లు. మేము వెళ్లినప్పుడు ఒక పాప పొత్తులు కాల్చే ఆయనతో ‘మీదేవూరన్నా?’ అంది. ఆయనది పాలమూరు వైపు. మాటల్లో వానలు, అప్పులు, కొడుకు చదువు అన్నీ వచ్చాయి. ఆ పాపకు ఆ రోజు చూసిన రాజభవనాల పేర్లు ఇప్పుడు గుర్తులేవు. ఆయన ఊరి పేరు మాత్రం గుర్తుంది.

పలకరించినంత మాత్రాన చాలదు, ప్రశ్న కూడా అడగాలి. ఫ్రాన్స్ రచయిత మొంతేన్ 1580లో అచ్చయిన తన వ్యాసాల్లో ఒక సంగతి రాశాడు. బ్రెజిల్ అడవుల నుంచి ముగ్గురు ఆదివాసులు రువాఁ అనే నగరానికి వచ్చారు. అక్కడ ఫ్రాన్స్ రాజు వాళ్లతో మాట్లాడాడు. ఆ రాజు అప్పటికి చిన్న పిల్లవాడు. నగరం వైభవమంతా చూపించి, ‘మీకు ఏది ఆశ్చర్యమనిపించింది?’ అని అడిగారు. వాళ్లు మూడు సంగతులు చెప్పారట. ఒకటి, గడ్డాలూ ఆయుధాలూ ఉన్న ఇంతమంది పెద్ద మగవాళ్లు ఒక పిల్లవాడి మాట వింటున్నారేమిటి? రెండు, మీలో కొందరు కడుపు నిండా తిని మిగిలేంత సంపదతో ఉన్నారు, మరికొందరు వాళ్ల గుమ్మాల ముందే ఆకలితో అడుక్కుంటున్నారు, వీళ్లు దీన్ని ఎలా ఓర్చుకుంటున్నారు? వాళ్ల భాషలో మనుషులను ఒకరికొకరు సగాలు అంటారట. ఒక సగం మెక్కుతుంటే ఇంకో సగం ఎండుతోందన్నదే వాళ్ల ఆశ్చర్యం. మూడో సంగతి తాను మరిచిపోయానని మొంతేన్ రాశాడు.

ఆ ముగ్గురికీ ఆ నగరంతో పాత పరిచయం లేదు. అయినా అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు కనపడనిది వాళ్లకు కనిపించింది. ఎందుకంటే వేటలో దొరికినదాన్ని పంచుకు తినే ఊరి నుంచి వాళ్లు వెళ్లారు. తమ ఊరి కొలతను ఇంట్లో వదిలేసి పోలేదు. మన పిల్లలు పట్నం వెళ్లినప్పుడు పట్నం కొలతతో గూడేన్ని కొలిచి సిగ్గుపడుతున్నారు. గూడెం కొలతతో పట్నాన్ని కొలవడమూ నేర్పాలి. జూ పార్కులో పెద్దపులి ముందు నిలబడి ఒక పిల్లవాడు మమ్మల్ని అడిగాడు: “సారూ, దీనికి ఇంటికి పోయే దారి తెలుసా?” చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మేము నవ్వలేదు. పులుల అభయారణ్యంలో పుట్టి, పులి పేరు చెప్పి తన గూడెం ఎప్పుడు లేపేస్తారో అనే మాటలు ఇంట్లో వింటూ పెరిగే పిల్లవాడు అడిగిన ప్రశ్న అది. బహుశా మొంతేన్ మరిచిపోయిన మూడో ప్రశ్న ఇలాంటిదే అయ్యుంటుంది.

పట్నంలో మన జాడలూ ఉన్నాయి. జాబితాలో ఆరు చోట్లు కాకుండా మూడు పెట్టుకుంటే వాటిని వెతుక్కునే తీరిక దొరుకుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియానికి దగ్గర్లోనే, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టు కొమ్మలెక్కి బతికారు. చింతచెట్టు విలువ మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాజధానిని ఒక రాత్రి కాపాడింది కోట గోడ కాదు, చెట్టు అని వాళ్లకు చూపించడానికి పది నిమిషాలు చాలు. దానికి టికెట్ కూడా లేదు.

సుగాలి పిల్లలకు బంజారాహిల్స్ పేరు చూపించాలి. ఈనాడు అద్దాల మేడలున్న ఆ గుట్టల మీద ఒకప్పుడు బంజారాలు ఉండేవారు కనుకనే ఆ పేరు. మేడలు వచ్చాయి, మనుషులు పోయారు, పేరు మిగిలింది. 2022 సెప్టెంబరు 17న అక్కడే సేవాలాల్ పేరుతో బంజారా భవన్, కొమురం భీం పేరుతో ఆదివాసీ భవన్ ప్రారంభమయ్యాయి. ట్యాంక్‌బండ్ మీద 1986లో తెలుగు మహనీయుల విగ్రహాలు నిలబెట్టినప్పుడు వాటిలో కొమురం భీం లేడు, చాలా ఏళ్లకు వచ్చాడు. భీం కూడా ఒకసారి తన జనం భూముల గోడు నిజాంకు చెప్పుకోవాలని హైదరాబాద్ వచ్చాడని, లోపలికి రానివ్వలేదని చెబుతారు. 1940లో జోడేఘాట్ దగ్గర అతణ్ని చంపేశారు. ఆనాడు లోపలికి రానివ్వని ఊళ్లోనే ఇవాళ అతని విగ్రహం ముందు మన పిల్లలు నిలబడుతున్నారు. అక్కడ ఫొటో దిగే ముందు ఈ కథ చెప్పకపోతే మన యాత్రకూ, దారిన పోయేవాడి సెల్ఫీకీ తేడా ఏముంటుంది?

మాసబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది. శ్రీశైలంలోనూ చెంచులక్ష్మి పేరుతో ఒకటి ఉంది. మన విల్లు, మన బుట్ట, మన గుడిసె నమూనా అక్కడ కనిపిస్తాయి. పిల్లలకు గర్వంగానూ ఉంటుంది, వింతగానూ ఉంటుంది. ఇంట్లో వాడుకలో ఉన్న బుట్టను చూడటానికి పట్నం దాకా రావాలా అని అడుగుతారు. అప్పుడు వాళ్లనే అక్కడి సందర్శకులకు ఆ బుట్ట ఎలా అల్లుతారో చెప్పమనాలి. బొమ్మ పక్కన నిలబడి బొమ్మ గురించి చెప్పే మనిషి ఇక బొమ్మగా మిగలడు.

ఇంతా చేస్తే ఒక్క రోజులో పట్నం అర్థమవుతుందా? కాదు. ఈ మాట మనకు అహోబిలం దేవుడే నేర్పాడు. చెంచులక్ష్మిని పెళ్లాడి మన ఇంటి అల్లుడైన నరసింహస్వామి, ఏటా కనుమ నాడు పారువేటకు బయలుదేరి పల్లకిలో ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. నలభై రోజులు దాటుతుంది. ప్రతి ఊళ్లో ఆగి, ఆ ఊరివాళ్ల మర్యాదలు అందుకుని, బ్రహ్మోత్సవానికి పిలిచి వస్తాడు. దేవుడు తలచుకుంటే కొండ మీంచే అన్ని ఊళ్లూ చూడలేడా? అయినా నడిచే వెళ్తాడు, ఊరూరా ఆగుతాడు, చివరికి ‘మీరూ మా ఊరికి రండి’ అంటాడు. ఊరు చూడటమంటే మా దృష్టిలో అది. చూసి వచ్చేయడంతో అయిపోదు, పిలిచి రావాలి. మనకు నలభై రోజుల తీరికా లేదు, డబ్బూ లేదు. కాని ఒక్క రోజులోనూ పిలుపు ఇవ్వొచ్చు. హైదరాబాద్‌లో ఒక బడిని ముందే మాట్లాడుకుని, అక్కడి పిల్లలతో ఒక గంట కూర్చుని, ‘ఈసారి మీరు మా అడవికి రండి, మా తాత తేనెపట్టు చూపిస్తాడు’ అని చెప్పి రావచ్చు. అప్పుడు వచ్చే పట్నం పిల్లలు చుట్టాల్లా వస్తారు, ప్రేక్షకుల్లా రారు.

సరదా మాటేమిటని అడుగుతారు. పిల్లలు కదిలే మెట్లెక్కి కేకలు పెట్టడం, ఐస్‌క్రీమ్ మూతి నిండా పూసుకోవడం తప్పేమీ కాదు. ఆ ఆనందాన్ని పాఠంగా మార్చి పాడుచేయొద్దు. రోజంతా నోటు పుస్తకం పట్టుకుని తిరగమని ఎవరూ చెప్పడం లేదు. ఒక్క ప్రశ్న, ఒక్క పలకరింపు, ఒక్క పిలుపు. మిగతా పూటంతా వాళ్లదే.

కష్టమైన ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని దాటేయకూడదు. యాత్ర అయ్యాక ఒక కుర్రాడు ‘సారూ, నేను పెద్దయ్యాక అక్కడే ఉంటా, గూడేనికి రాను’ అంటే మనం ఏమనాలి? ‘నీ మూలాలు మరిచిపోతావా’ అని కోప్పడటం తేలిక. కాని గూడెంలో ఉండటమే ఆదివాసీతనమైతే, ఢిల్లీలో రాజ్యాంగ సభలో కూర్చుని ప్రజాస్వామ్యం మా దగ్గర నేర్చుకోండని 1946లోనే చెప్పిన జైపాల్ సింగ్ ముండా ఏమవుతాడు? 2022లో రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టిన సంతాల్ బిడ్డ ద్రౌపది ముర్ము ఏమవుతుంది? ఎక్కడ ఉండాలో నిర్ణయించుకునే హక్కు ఆ కుర్రాడిది. అతను సిగ్గుతో పారిపోతున్నాడా, ఇష్టంతో వెళ్తున్నాడా అన్నది చూడటం మాత్రం మన బాధ్యత. సిగ్గుతో వెళ్లినవాడు ఊరి పేరు చెప్పుకోలేడు. ఇష్టంతో వెళ్లినవాడు ఎక్కడున్నా సంక్రాంతికి ఇంటికొస్తాడు, వచ్చినప్పుడు నలుగురికి దారి చూపిస్తాడు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈసారి యాత్రకు డబ్బు వసూలు చేసే ముందే గూడెం పెద్దలను కూర్చోబెట్టి, ‘పట్నాన్ని మీ తరఫున ఏమి అడిగి రమ్మంటారు?’ అని అడగండి. తిరిగొచ్చాక పిల్లల చేత అదే రచ్చబండ దగ్గర జవాబు చెప్పించండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పట్నంలో ‘ఏ ఊరు మీది?’ అని ఎవరైనా అడిగితే మండలం పేరు చెప్పి ఆగకండి. గూడెం పేరు చెప్పండి. వాళ్లకు తెలియకపోతే అది ఎక్కడుందో, ఎలా రావాలో కూడా చెప్పండి.